ఒకే పేరు, రెండు ఫైళ్లు: చిక్‌పేట సర్వరులో మారువేషపు అక్షరాల వేట

బెంగళూరు చిక్‌పేటలో పట్టుచీరల హోల్‌సేల్ చేసే ఒక సంస్థకు సర్వరు, నెట్‌వర్కు, బ్యాకప్‌లు మేం చూస్తాం. యజమానులది హిందూపురం వైపు. ఆఫీసులో సగం తెలుగువాళ్లు, సగం కన్నడిగులు. బిల్లింగు ఇంగ్లిష్‌లో, కబుర్లు మూడు భాషల్లో. చీరలు ధర్మవరం నుంచి, జరీ సూరత్ నుంచి, పట్టు రామనగర మార్కెట్ నుంచి వస్తాయి. ఫైళ్లన్నీ ఒక లైనక్స్ సర్వరులో సాంబా షేరు (నెట్‌వర్కులో అందరూ తెరవగల ఉమ్మడి ఫోల్డరు) మీద ఉంటాయి. సిబ్బంది విండోస్ సిస్టమ్‌ల నుంచి వాటిని తెరుస్తారు.

ఒకరోజు అకౌంట్స్ చూసే మేడమ్ ఫోన్ చేశారు. "సార్, సూరత్ పార్టీ ఫోల్డర్‌లో వెండర్ మాస్టర్ ఫైలు రెండుంది. పేరులో ఒక్క అక్షరం తేడా లేదు. ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరుతో రెండు ఎట్లా ఉంటాయి?"

ఉండవు. పేర్లు ఒకేలా కనిపిస్తున్నాయే తప్ప ఒకటి కావు. ఆవిడ ఫోన్ చేసేలోపే ఇంకో రెండు సంగతులు పట్టి పెట్టుకున్నారు, అవే కేసును సగం తేల్చేశాయి. మొదటిది ఎక్సెల్. ఒకే పేరున్న రెండు వర్క్‌బుక్‌లను ఎక్సెల్ ఒకేసారి తెరవనివ్వదు, వేర్వేరు ఫోల్డర్లలో ఉన్నా సరే. ఇక్కడ రెండూ పక్కపక్కనే తెరుచుకున్నాయి. రెండోది వరస. ఫోల్డర్‌లో 'వెండర్_మంత్లీ' అనే ఇంకో ఫైలు ఉంది. అక్షరక్రమంలో మాస్టర్ దానికి పైన రావాలి. ఒక మాస్టర్ పైనే ఉంది, రెండోది మంత్లీ కింద ఉంది. (ఫైళ్ల అసలు పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనివే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఇంగ్లిష్‌లో మాస్టర్‌కు ఎమ్ తరవాత "ఎ", మంత్లీకి ఎమ్ తరవాత "ఓ" వస్తాయి.) "ఎ" తరవాత "ఓ" రావాల్సిన చోట "ఓ" ముందొచ్చిందంటే, ఆ "ఎ" మన "ఎ" కాదు.

ఏ ఫైలునూ మళ్లీ తెరవొద్దని, డిలీట్ కూడా చేయొద్దని చెప్పి సర్వరులోకి వెళ్లాను. ఫైళ్ల జాబితా ఇచ్చే మామూలు ఎల్ఎస్ కమాండుకు రెండు పేర్లూ ఒకేలా వచ్చాయి. యూటీఎఫ్-8 (అన్ని లిపులనూ బైట్లుగా దాచే పద్ధతి) తెలిసిన టెర్మినల్ అక్షరాన్ని అందంగా గీసి చూపిస్తుంది, మనకు కావాల్సింది అందం కాదు. భాషా సెట్టింగు అయిన లొకేల్‌ను 'సి'కి మార్చి, బి ఆప్షన్‌తో అదే కమాండు ఇస్తే ఇంగ్లిష్ కాని ప్రతి బైటూ అంకెలుగా బయటపడుతుంది. రెండో ఫైలు పేరులో 'మాస్టర్' మధ్య \320\260 అని వచ్చింది. రష్యన్ లాంటి భాషలు రాసే సిరిలిక్ లిపిలోని చిన్న "ఎ" అది, ప్రతి అక్షరానికీ ఒక నంబరిచ్చే యూనికోడ్‌లో యూ+0430. ఇంగ్లిష్ "ఎ" యూ+0061. తెర మీద ఈ రెంటినీ వేరు చేయగల కన్ను లేదు, ఎందుకంటే చాలా ఫాంట్లలో రెంటికీ గీత ఒకటే.

పైథాన్‌తో చూసేవాళ్లకు ఒక జాగ్రత్త. రెప్ర్ ఫంక్షన్ కనిపించని అక్షరాలను కోడ్‌గా రాస్తుంది, కానీ సిరిలిక్ అక్షరాన్ని ఉన్నదున్నట్టే అచ్చేస్తుంది. "అంతా బాగానే ఉంది కదా" అనిపిస్తుంది. ఆస్కీ ఫంక్షన్ వాడితే రెండు రకాలూ బయటికొస్తాయి.

ఈ అంకెలను చదవడం అలవాటు చేసుకుంటే పని తేలిక. తెలుగు అక్షరం ఏదైనా \340\260 తో గానీ \340\261 తో గానీ మొదలవుతుంది. కన్నడమైతే \340\262, \340\263. సిరిలిక్ ఎక్కువగా \320, \321. మూడు భాషల ఫైళ్లున్న షేరులో పేరు ఏ లిపిదో ఈ లెక్కన ఒక్క చూపులో చెప్పేయొచ్చు.

ఆ ఫైలు ఎట్లా వచ్చింది, ఎందుకొచ్చింది

ఈ సంస్థలో సరుకు పంపే ప్రతి పార్టీకీ ఒక ఫోల్డరు, అందులో ఒక పేజీ ఎక్సెల్ ఫారం ఉంటుంది. పార్టీ పేరు, పాన్, జీఎస్‌టీ నంబరు, బ్యాంకు ఖాతా, ఐఎఫ్ఎస్‌సీ కోడు అందులో రాసి ఉంటాయి. ఏడాదికోసారి ఆ ఫారాన్ని పార్టీకే మెయిల్ చేసి "వివరాలు సరిగ్గా ఉన్నాయా" అని అడుగుతారు. అంటే ఆ ఫైలు పేరు బయటికి తెలుసు. సూరత్ పార్టీ మెయిల్ బాక్సు ఎవరి చేతికో చిక్కింది. ఆ ఎవరో పాత మెయిళ్లు తిరగేసి, ఫారాన్ని దించుకుని, ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ రెండే మార్చి, రెండు మామూలు బిల్లులతో కలిపి జిప్ చేసి పంపారు. బిల్లింగ్ కుర్రాడు జిప్‌ను నేరుగా పార్టీ ఫోల్డర్‌లోకి విప్పాడు. అతను రోజూ చేసే పనే అది.

ఇక్కడ సిరిలిక్ అక్షరం ఎందుకు అవసరమైందో చూడండి. పేరు నిజంగా ఒకటే అయితే విప్పేటప్పుడు "ఈ పేరుతో ఫైలు ఉంది, రీప్లేస్ చేయాలా?" అని విండోస్ ఆపి అడుగుతుంది. ఆ ప్రశ్న వస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. పేరు వేరైతే ప్రశ్నే రాదు, ఫైలు నిశ్శబ్దంగా పక్కన కూర్చుంటుంది. తరవాత పేమెంటు వేసేవాళ్లు రెంటిలో ఏది తెరుస్తారన్నది అదృష్టం. పంపినవాడికి ఆ సగం అవకాశం చాలు.

డబ్బు పోలేదు. ఖాతా మారితే పార్టీకి పాత ఫోన్ నంబరు మీద ఫోన్ చేసి అడిగాకే బ్యాంకులో బెనిఫిషియరీని మార్చాలని యజమానిగారు ఎప్పుడో పెట్టిన కట్టడి ఉంది. సూరత్ నుంచి "మేం బ్యాంకు మార్చలేదే" అన్నారు. వాళ్లు తమ మెయిల్ పాస్‌వర్డు మార్చుకున్నారు, రెండో దశ లాగిన్ పెట్టుకున్నారు. ఇటువైపు నుంచి సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు వెళ్లింది. డబ్బు కూడా పోయి ఉంటే మొదట చేయాల్సింది 1930కి ఫోన్, ఎందుకంటే డబ్బు ఖాతాలు మారేలోపు ఆపించడానికి ఉన్నది గంటలే. దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటనలు తెలిసిన 6 గంటల్లో వాళ్లకూ చెప్పాలి. చిన్న సంస్థలకు ఈ సంగతే తెలియదు.

ఎత్తు పాతదే. 2002లోనే గాబ్రిలోవిచ్, గోంట్‌మాఖర్ అనే ఇద్దరు ఇలాంటి అక్షరాలతో మైక్రోసాఫ్ట్ పేరున్న డొమైన్‌ను నమోదు చేసి చూపించారు. ఫైళ్ల విషయానికొస్తే 2011లో మైక్రోసాఫ్ట్ బయటపెట్టిన ఒక ట్రోజన్ (మంచి ప్రోగ్రాములా నటిస్తూ హాని చేసేది) కథ నాకు ఇష్టం. విండోస్‌లో ఏ సైటు ఏ అడ్రసుకు వెళ్లాలో చెప్పే 'హోస్ట్స్' అనే ఫైలుంటుంది. ఆ ట్రోజన్ అసలు హోస్ట్స్‌లో తన అడ్రసులు రాసుకుని దాన్ని హిడెన్ చేసేసింది. పక్కన సిరిలిక్ "ఓ"తో ఇంకో హోస్ట్స్ పెట్టింది. అనుమానంతో చూడబోయినవాడికి శుభ్రమైన నకిలీయే కనిపిస్తుంది. మన కేసులో నకిలీది తప్పుడు సమాచారం, అక్కడ నకిలీది నిజాయితీ.

"ఇంగ్లిష్ తప్ప ఏదీ రానీయకండి"

యజమానిగారి మొదటి మాట ఇదే. "ఇంగ్లిష్ అక్షరాలు తప్ప వేరే ఏది ఉన్నా ఆపేయండి, గొడవ వదిలిపోతుంది." చాలా చోట్ల ఐటీవాళ్లు నిజంగానే ఈ పని చేస్తారు. ఒక్క లైను కోడు, అయిపోతుంది.

మేడమ్ పక్క నుంచి అందుకున్నారు. "మరి మగ్గాలవాళ్ల ఫైళ్లు ఎక్కడ పెట్టాలి సార్?" ధర్మవరం నేతగాళ్ల ఖాతాలన్నీ తెలుగు పేర్లతోనే ఉన్నాయి. 'మగ్గం బాకీలు', 'పాస్‌బుక్ కాపీలు', 'జరీ లెక్క'. రామనగర నుంచి వచ్చే పట్టు చీటీలు కన్నడంలో. ఆ ఫైళ్లు వాడేవాళ్లకు ఇంగ్లిష్‌లో వెతుక్కోమనడం వాళ్ల పని చెడగొట్టడమే. పైగా ఇలా నిషేధిస్తే వాళ్లు ఊరుకోరు, ఫైళ్లను వాట్సాప్‌లో పంపుకోవడం మొదలుపెడతారు, అప్పుడు మన చేతిలో ఏ తనిఖీ ఉండదు.

ఇక్కడే నా అభిప్రాయం గట్టిగా చెప్పాలి. "ఈ పేరులో పరాయి అక్షరం ఉందా?" అన్నది అడగాల్సిన ప్రశ్న కాదు. బెంగళూరులో పరాయి అక్షరమంటూ ఏదీ లేదు. "ఈ పేరు ఇంకెవరి పేరులా నటిస్తోంది?" అన్నదే ప్రశ్న. నటించాలంటే ఎదురుగా అసలు మనిషి ఉండాలి. తనిఖీ ఎప్పుడూ ఒక పేరును విడిగా చూడకూడదు, చుట్టూ ఉన్న పేర్లతో పోల్చి చూడాలి.

పోల్చడం ఎట్లా? అందరికీ ముందు తట్టేది నార్మలైజేషన్. యూనికోడ్‌లో ఎన్ఎఫ్‌కేసీ అనే పద్ధతి ఉంది, "అన్ని రూపాలనూ ఒకే రూపంలోకి తెస్తుంది కదా, అది వాడితే సరి" అంటారు. వెడల్పు ఇంగ్లిష్ అక్షరాలను అది మామూలు అక్షరాలుగా మారుస్తుంది, నిజమే. సిరిలిక్ "ఎ"ను మాత్రం ముట్టుకోదు. యూనికోడ్ దృష్టిలో అది వేరే లిపిలోని వేరే అక్షరం, అలంకారం మారిన "ఎ" కాదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. యూ+2024 అని ఒక చుక్క ఉంటుంది, చూడడానికి ఫైలు పేరులోని డాట్ లాగే ఉంటుంది. ఎన్ఎఫ్‌కేసీ దాన్ని నిజమైన డాట్‌గా మార్చేస్తుంది. వెడల్పు స్లాష్‌ను నిజమైన స్లాష్‌గా మార్చేస్తుంది. తనిఖీ ముందు చేసి నార్మలైజేషన్ తరవాత చేసే ప్రోగ్రాములో, తనిఖీ చూసిన పేరు ఒకటి, డిస్కు మీద పడేది ఇంకొకటి. ఏ క్రమంలో చేస్తున్నామన్నది ఇక్కడ ప్రాణం.

మేం వాడింది యూనికోడ్ టెక్నికల్ స్టాండర్డ్ 39. ఫైలు పేర్లలాంటి వాటి భద్రత కోసమే రాసిన పత్రం అది. దాంతోపాటు కన్ఫ్యూజబుల్స్ అనే పెద్ద పట్టిక వస్తుంది. ఒకదానిలా ఒకటి కనిపించే అక్షరాలన్నిటికీ అందులో ఒక ప్రతినిధి అక్షరం ఉంటుంది. పేరులోని ప్రతి అక్షరాన్నీ దాని ప్రతినిధితో మార్చి, కనిపించని అక్షరాలను తీసేస్తే మిగిలేదాన్ని స్కెలిటన్ అంటారు. రెండు పేర్ల స్కెలిటన్ ఒకటే అయి, పేర్లు మాత్రం వేరైతే ఎవరో మారువేషంలో ఉన్నట్టే. మన రెండు వెండర్ మాస్టర్లూ ఈ పరీక్షలో వెంటనే దొరికిపోయాయి.

స్కెలిటన్ పోల్చడానికి మాత్రమే, చూపించడానికి కాదు. ఈ సంగతి తెలియక దాన్ని తెర మీద పెడితే నవ్వులపాలవుతాం. పట్టికలో ఇంగ్లిష్ "ఎమ్" ప్రతినిధి "ఆర్, ఎన్" అనే రెండు అక్షరాలు, ఎందుకంటే ఆ రెండూ పక్కపక్కన పడితే "ఎమ్" లాగే ఉంటాయి. అంకె ఒకటి, పెద్ద "ఐ" రెండూ చిన్న "ఎల్" అయిపోతాయి. మన తెలుగు సున్న, కన్నడ సున్న, మలయాళం సున్న అన్నీ ఇంగ్లిష్ చిన్న "ఓ" అయిపోతాయి. 'మగ్గం' స్కెలిటన్‌లో చివర ఇంగ్లిష్ "ఓ" తగిలించుకుని కూర్చుంటుంది. పోలికకు అది ఏ ఇబ్బందీ కాదు, మనిషికి చూపిస్తే గందరగోళం.

దొంగ హెచ్చరికల గోల

పాత ఫైళ్లన్నిటి మీదా ఒకసారి నడిపితే హెచ్చరికలు కుప్పలు తెప్పలుగా వచ్చాయి. దాదాపు అన్నీ అమాయకులవే. అసలు పని అప్పుడే మొదలైందని చెప్పాలి.

అందరికంటే ఎక్కువగా అరిచింది జీఎస్‌టీ రిటర్నుల ఫోల్డరు. ఒకరు 'జీఎస్‌టీఆర్-1' అని అంకె వేశారు, ఇంకొకరు ఇంగ్లిష్ పెద్ద "ఐ"తో రోమన్ అంకెలా రాశారు. స్కెలిటన్ ఒకటే అయిపోయింది. ఇద్దరూ ఈ ఆఫీసువాళ్లే, ఎవరికీ ఏ దురుద్దేశమూ లేదు. రెండు పేర్లూ పూర్తిగా మామూలు ఇంగ్లిష్ కీబోర్డు అక్షరాలతోనే ఉంటే హెచ్చరిక వద్దని మార్చాం. దీనివల్ల ఒక సందు మిగిలింది. "ఎల్" బదులు అంకె ఒకటి వేసి ఎవరైనా నకిలీ చేస్తే షేరు మొత్తం మీద పట్టుకోం. వెండర్ మాస్టర్లు, బ్యాంకు అప్‌లోడ్ ఫైళ్లు ఉన్న ఫోల్డర్లకు మాత్రం ఈ సడలింపు ఇవ్వలేదు. డబ్బున్న చోట దొంగ హెచ్చరిక భరించొచ్చు. అక్కడ అర్థం లేని "సున్నా, ఓ" తగాదాలు ఎక్కువేమో అనుకున్నాం గానీ రాలేదు. సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. ఐఎఫ్ఎస్‌సీలో 11 అక్షరాలు, ఐదోది ఎప్పుడూ అంకె సున్నే. అక్కడ "ఓ" కనిపిస్తే టైపు చేసినవాళ్ల తప్పే, ఇంకేమీ ఆలోచించక్కర్లేదు.

తరవాతి గోల తెలుగుదే. 'పాస్‌బుక్' అని రాయాలంటే "స్" తరవాత కనిపించని అక్షరం ఒకటి వేయాలి, లేకపోతే "స"కు "బ" ఒత్తు పడిపోతుంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, బైట్లలో \342\200\214. ఆఫీస్‌లో, సాఫ్ట్‌వేర్, బెంగళూరు బ్రాంచ్‌కి, ఇలా మనం రోజూ రాసే మాటల్లో ఇది ఉంటుంది. ఇంగ్లిష్ మాత్రమే దృష్టిలో పెట్టుకుని రాసిన భద్రతా టూళ్లు చాలావరకు దీన్ని చూడగానే దాడి అంటాయి. ఇంగ్లిష్ పేరులో ఉంటే నిజమే, అక్కడ దానికి పనేమీ లేదు, పేరును నకిలీ చేయడానికి తప్ప. తెలుగులో అది స్పెల్లింగులో భాగం.

తేడా చెప్పడానికి మంచి నియమం ఒకటి ఇంటర్నెట్ డొమైన్ పేర్ల కోసం ఎప్పుడో రాసిపెట్టారు, ఆర్ఎఫ్‌సీ 5892 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో. మన లిపుల వరకు అది చెప్పేది, ఈ కనిపించని అక్షరానికి సరిగ్గా ముందు పొల్లు ఉంటే అనుమతించు, లేదంటే ఆపు (అరబిక్ లాంటి లిపులకు వేరే షరతు ఉంది). కోడులో ఇది ఒక్క పరీక్ష. ముందున్న అక్షరానికి యూనికోడ్ ఇచ్చిన కంబైనింగ్ క్లాసు అనే నంబరు 9 అవునా కాదా అని చూస్తే చాలు. తెలుగు పొల్లుకు, కన్నడ పొల్లుకు, హిందీ హలంతానికి అన్నిటికీ అది 9 కాబట్టి ఈ భాషల్లో దేనికీ విడిగా రాయక్కర్లేదు. ఈ నియమం పెట్టగానే మగ్గాలవాళ్ల ఫోల్డర్లు ప్రశాంతంగా అయిపోయాయి.

పూర్తిగా కాదు. కొన్ని పేర్లు ఇంకా జంటలుగా పట్టుబడ్డాయి. 'రిపోర్ట్' అని ఒకటి, 'రిపోర్ట్' అనే ఇంకొకటి, రెండో దాని చివర కనిపించని అక్షరం. ఒకరు ఫోన్‌లో ఫొనెటిక్ కీబోర్డుతో, ఇంకొకరు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డుతో కొట్టారు. ఒక కీబోర్డు మాట చివర పొల్లు రాగానే దాన్ని తగిలిస్తోంది. పొల్లు తరవాతే ఉంది కాబట్టి నియమం ప్రకారం సరైనదే, పక్క ఫైలుతో స్కెలిటన్ కలిసింది కాబట్టి అనుమానమే. మాట చివర అది ఉన్నా లేకపోయినా కనిపించే తీరు మారదు, అందుకని ఫైలు సేవ్ అయ్యేటప్పుడే చివరి దాన్ని తీసేసే చిన్న స్క్రిప్టు పెట్టాం.

ఐత్వం ఇంకో తలనొప్పి. "మైసూరు"లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా దాచొచ్చు. ఒకటి ఒకే కోడు, రెండోది ఎత్వం, దాని కింద ఐత్వపు ముక్క, మొత్తం రెండు కోడ్‌లు. రెండూ సమానమని యూనికోడే చెబుతుంది. లైనక్స్‌కు ఆ సంగతి పట్టదు, బైట్లు వేరైతే ఫైళ్లు వేరు. క్యాటలాగు డిజైన్ చేసేవాళ్ల పాత మ్యాక్ డిస్కు పేర్లను విడగొట్టిన రూపంలో పెడుతుంది. అక్కడి నుంచి కాపీ అయిన 'మైసూరు ఆర్డర్లు' ఇక్కడున్న 'మైసూరు ఆర్డర్లు' పక్కన చేరింది. ఎన్ఎఫ్‌సీ (విడిపోయిన ముక్కలను ఒకే కోడుగా కలిపే యూనికోడ్ పద్ధతి) చేశాక పేర్లు అచ్చంగా ఒకటైతే అది మోసం కాదు, డూప్లికేటు. దాన్ని భద్రతా హెచ్చరికల్లోంచి తీసి మామూలు శుభ్రత జాబితాలో వేశాం. కన్నడంలో ఇలా విడిపోయే గుణింతాలు ఇంకా ఎక్కువ.

ఇక ఒకే పేరులో లిపులు కలపడం. దీన్ని అసలు ఒప్పుకోవద్దని కొందరంటారు. 'జీఎస్‌టీ' అని ఇంగ్లిష్‌లో కొట్టి ఖాళీ కూడా ఇవ్వకుండా 'బిల్లులు' అని తెలుగులో తగిలించే ఆఫీసులో అది కుదరదు. స్టాండర్డ్ 39లో దీనికి మధ్యేమార్గం ఉంది. ఇంగ్లిష్ లిపితో పాటు వాడుకలో ఉన్న ఇంకో లిపి ఒక్కటి ఉండొచ్చు, కానీ సిరిలిక్, గ్రీకు మాత్రం కూడదు. కారణం తేలికే. ఇంగ్లిష్‌తో కలిసిపోయే రూపాలు ఆ రెండు లిపుల్లోనే బారులు తీరి ఉన్నాయి. తెలుగు అక్షరాన్ని ఇంగ్లిష్ మాటలో దాచడం సున్న తప్ప దేనితోనూ కుదరదు.

ఈ ఒక్క నియమం చాలదా అని అడిగారు. చాలదు. పేరు మొత్తం సిరిలిక్‌లోనే ఉంటే కలపడమన్నదే ఉండదు కదా. 2017లో షుడాంగ్ ఝెంగ్ అనే పరిశోధకుడు యాపిల్ పేరును ఒక్క ఇంగ్లిష్ అక్షరం కూడా లేకుండా సిరిలిక్‌తోనే కూర్చి డొమైన్ తీసుకున్నాడు. అప్పటి క్రోమ్ దాన్ని అచ్చం యాపిల్‌గానే చూపించింది, 58వ వెర్షన్‌లో సరిచేశారు. అలాంటిది పక్క పేరుతో స్కెలిటన్ పోలిస్తేనే దొరుకుతుంది.

పీడీఎఫ్‌లా కనిపించిన ప్రోగ్రాము

షేరు మొత్తం జల్లెడ పట్టాక సిబ్బంది సిస్టమ్‌ల డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు కూడా చూశాం. ఒకదాంట్లో ఇంకో రకం దొరికింది. చూడడానికి 'అనెక్స్ డాట్ పీడీఎఫ్', పీడీఎఫ్ ఐకాన్‌తో. ఎవరూ తెరవలేదు. కుర్రాడికి అనుమానం ఎందుకొచ్చిందని అడిగితే, "మన దగ్గర అందరూ అనెక్షర్ అనే రాస్తారు కదా సార్, ఇదేంటో చివర ఈ ఉంది" అన్నాడు.

స్పెల్లింగు అలా ఉండడానికి కారణం ఉంది. డిస్కు మీద ఆ పేరు ఇలా ఉంది. ముందు ఎ, ఎన్, ఎన్. తరవాత \342\200\256. ఆ తరవాత ఎఫ్, డి, పి, డాట్, ఈ, ఎక్స్, ఈ. మధ్యలో ఉన్నది రైట్ టు లెఫ్ట్ ఓవర్‌రైడ్, "ఇక్కడి నుంచి కుడి నుంచి ఎడమకు రాయి" అని తెరకు చెప్పే కనిపించని ఆజ్ఞ. దాంతో తరవాతి ఏడు గుర్తులు తిరగబడి ఈ, ఎక్స్, ఈ, డాట్, పి, డి, ఎఫ్ అయ్యాయి. ముందున్న మూడింటితో కలిసి ఒక ఇంగ్లిష్ మాట తయారైంది. విండోస్‌కు మాత్రం ఇది ఇప్పటికీ డాట్ ఈఎక్స్ఈయే, నొక్కితే ప్రోగ్రాము నడుస్తుంది. ఐకాన్‌దేముంది, ప్రోగ్రాముకు ఏ ఐకానైనా పెట్టుకోవచ్చు. దాడుల పద్ధతులను జాబితా కట్టే మైటర్ అటాక్‌లో దీని నంబరు టీ1036.002. 2018 ఫిబ్రవరిలో కాస్పర్‌స్కై బయటపెట్టిన టెలిగ్రామ్ లోపం కూడా ఇదే. జావాస్క్రిప్ట్ ఫైలు పీఎన్‌జీ ఫొటోలా కనిపించేది.

దీని మీద నియమం కఠినం. ఓవర్‌రైడ్‌లు, వాటి బంధువులు ఫైలు పేరులో కనిపిస్తే ఆగిపోవాల్సిందే. "ఉర్దూ పేర్లు పాడవ్వవా?" అని ఒకరడిగారు, మంచి ప్రశ్న. శివాజీనగర్ వైపు పార్టీల ఫైళ్లు ఉర్దూలో వస్తుంటాయి. ఉర్దూ అక్షరాలకు దిశ పుట్టుకతోనే ఉంటుంది, వాటిని తిప్పడానికి ఏ ఆజ్ఞా అక్కర్లేదు. వాళ్ల పేర్లలో ఒక్కటీ ఆగలేదు.

ఆగినవి ఇంకోచోట ఉన్నాయి. విండోస్‌లో ఫైలు ప్రాపర్టీస్‌లోని సెక్యూరిటీ ట్యాబ్ నుంచి పేరు కాపీ చేస్తే ముందు ఒక కనిపించని దిశా గుర్తు అంటుకుని వస్తుంది. ఎవరో అలా కాపీ చేసి ఫోల్డర్లకు పేర్లు పెట్టారు. పేరు మొదట్లో ఆ ఒక్క గుర్తు ఉండి ఇంకేమీ లేకపోతే ఆపకుండా తీసేసి లాగ్‌లో రాయమన్నాం.

హెచ్చరికలో ఏం రాయాలి

మేం ఎక్కువసేపు కూర్చున్నది దీని మీదే. మొదటి రూపంలో హెచ్చరిక ఇలా ఉండేది: "వెండర్_మాస్టర్ అనే ఫైలు వెండర్_మాస్టర్‌లా కనిపిస్తోంది." నిజమే. చదివినవాళ్లకు పిచ్చెక్కుతుంది. తెర మీద తేడా కనిపించని పేరును మళ్లీ తెర మీదే చూపించి లాభం లేదు. ఇప్పుడు తేడా ఉన్న అక్షరం ఒక్కటే ఎర్రని గడిలో, దాని కింద మాటల్లో "తొమ్మిదో స్థానంలోది రష్యన్ లిపి అక్షరం, ఇంగ్లిష్ ఎ కాదు" అనే తరహాలో వస్తుంది. తెలుగు, కన్నడ, ఇంగ్లిష్ మూడింటిలోనూ ఇస్తున్నాం. కింద రెండే బటన్లు. 'ఇది నేను పెట్టిందే', 'నాకు తెలియదు'.

లాగ్‌కు కూడా ఇదే జాగ్రత్త కావాలి. ఓవర్‌రైడ్ ఉన్న పేరును యథాతథంగా లాగ్‌లో రాస్తే ఆ లాగ్ లైనే తలకిందులవుతుంది. 2021లో కేంబ్రిడ్జ్‌వాళ్లు ట్రోజన్ సోర్స్ పేరుతో చూపించింది ఈ జబ్బే, ప్రోగ్రాముల కోడులో. అందుకని లాగ్‌లోకి వెళ్లే ప్రతి పేరూ అంకెల రూపంలోకి మారాకే వెళ్తుంది.

అనుమానపు ఫైలును విడిగా ఉంచే క్వారంటైన్ ఫోల్డరుకు తరలించేటప్పుడు పేరును కూడా అలాగే అంకెల్లోకి మారుద్దామనుకున్నాం, కుదరలేదు. లైనక్స్‌లో ఫైలు పేరుకు పరిమితి 255 బైట్లు. తెలుగు గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు, అంటే ఎంత సాగదీసినా 85 గుర్తులే. ఆ మూడు బైట్లూ అంకెల్లో రాస్తే పన్నెండు అక్షరాలవుతాయి, పొడుగు తెలుగు పేర్లన్నీ పరిమితి దాటేస్తాయి. ఇప్పుడు క్వారంటైన్‌లో ఫైలుకు వరస నంబరే పేరు, అసలు పేరు పక్క రికార్డులో ఉంటుంది.

తనిఖీ రెండు చోట్ల నడుస్తోంది. షేరులో కొత్త ఫైలు పడగానే ఒకసారి, మెయిల్‌లో జిప్ వచ్చినప్పుడు విప్పకముందే లోపలి పేర్ల మీద ఒకసారి. జిప్‌లో పేరు యూటీఎఫ్-8లో ఉందని చెప్పే గుర్తు ఒకటుంటుంది, పాత ప్రోగ్రాములు అది పెట్టవు. అప్పుడు తెలుగు పేర్లు చెత్త అక్షరాలుగా వస్తాయి. చెత్తను చూసి తనిఖీ భయపడకూడదని దానికి వేరే దారి పెట్టాం.

మిగిలింది తెలుగు, కన్నడ తగువు. జ, ల, ణ, ఇ లాంటివి రెండు లిపుల్లోనూ ఇంచుమించు ఒకటే. ఒకే మాటలో తెలుగు, కన్నడ అక్షరాలు కలిస్తే అనుమానించాలన్నది నియమం, కాగితం మీద బాగుంది. స్టోర్స్‌లో ఒకాయన ఫోన్ కీబోర్డులో రెండు భాషలూ పెట్టుకుని, తప్పు భాషలో మొదలెట్టి మధ్యలో మార్చేసి, చూడడానికి బాగానే ఉంది కదా అని అలాగే సేవ్ చేస్తాడు. ఆయన పెట్టిన పేర్లన్నీ ఈ నియమానికి దొరుకుతున్నాయి. అందుకని దాన్ని ఇంకా ఆపే నియమంగా మార్చలేదు, హెచ్చరిక మాత్రమే ఇస్తోంది. ఆయన ప్రతిసారీ 'ఇది నేను పెట్టిందే' నొక్కుతున్నాడు.